తోటలో నీళ్లు నిలబెట్టిన కార్యదర్శి

ఆ ఆదివారం పొద్దున చలపతిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ట్యాంకర్ నీళ్లు తెప్పించి కాలనీ తోటలో పోయించడం, సోమవారం తనిఖీకి వచ్చే ఇంజనీరుకు వాటిని వాననీళ్లుగా చూపించడం.

నాగారంలోని ఆ కాలనీవాళ్లు ఉమ్మడిగా పెంచుకున్న తోట గట్టి వాన పడితే చాలు మునిగిపోయేది. పోయినేడు మొక్కలన్నీ కుళ్లిపోయి ఖాళీ నేల మిగిలింది. వాననీరు పోయే కాలువకు ప్రభుత్వం నిధులిస్తోందని తెలిసి, కాలనీ సంఘం కార్యదర్శిగా చలపతిరావు దరఖాస్తు పెట్టాడు. నిధులు రాకపోతే రాజీనామా చేస్తానని సమావేశంలో బల్ల గుద్ది మరీ చెప్పాడు. కార్యదర్శి పదవంటే ఆయనకు ప్రాణం. తీరా ఇంజనీరు వచ్చే వేళకు వాన మొహం చాటేసింది.

"వాన పడ్డాక రమ్మని చెప్పకూడదూ?" అంది భార్య సీతామహాలక్ష్మి.

"ఆయన రావడమే గొప్ప. మళ్లీ వాన కోసం కూడా వస్తాడా?"

ట్యాంకర్ సందు మలుపు తిరిగేలోపు నేల నీళ్లన్నీ తాగేసింది. రెండో ట్యాంకరుదీ అదే గతి.

"పీల్చేస్తోందండీ," అన్నాడు సంఘం అధ్యక్షుడు ఫణిభూషణ్ దిగులుగా.

"మన ఊళ్లో చేలో నీళ్లెలా నిలబెడతామండీ? దమ్ము చేసేద్దాం. బురద బాగా తొక్కితే చుక్క దిగదు!" అన్నాడు చలపతిరావు.

కాలనీలో సగం మంది గోదావరి జిల్లాల వాళ్లే. దమ్ము అన్న మాట వినగానే బ్యాంకు గుమాస్తాలు, లెక్చరర్లు ప్యాంట్లు పైకి మడిచి దిగిపోయారు. చుట్టూ గట్టు వేశారు, మోకాలి లోతు బురద తొక్కారు, చెక్కతో చదును చేశారు. ఆ పైన పోసిన నీళ్లు అద్దంలా నిలిచాయి. చలపతిరావుకు ఆనందంతో కళ్లు చెమర్చాయి.

సోమవారం ఆయన వెళ్లేసరికి, పక్క పొలం దుర్గమ్మ నలుగురు ఆడవాళ్లతో ఆ నీళ్లలో వంగి ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"నాటేస్తున్నం సారూ. మడి మస్తు తయారు జేసిన్రు, నారు దొరకలేదేమో అనుకున్న. మాది మిగిలింది. ఉత్తగ ఎండిపోతాంది గదా."

"పీకెయ్యండి! జల్దీ!"

"నాటిన నారు పీకుమంటవా సారూ? చేతులెట్లొస్తయి?"

చలపతిరావు తనే వంగాడు. పచ్చటి నారు చూశాక ఆయనకూ చేతులు రాలేదు. అంతలో జీపు వచ్చి ఆగింది.

"తోట ఏదండీ?" అన్నాడు ఇంజనీరు వెంకటనర్సయ్య.

"ఇదేనండీ. వరదకి మునిగిపోయింది."

ఇంజనీరు గట్టు చూశాడు, వరసలు చూశాడు.

"వరదొచ్చి గట్టు గూడ ఏస్కున్నదా సార్? ఇది వరి మడి. గీడ కాలువ తవ్వితే పంట ఎండుతది. నేనైతే నిధులకు రాయ."

సాయంత్రం సమావేశంలో చలపతిరావు రాజీనామా చదివాడు. ఫణిభూషణ్ ఆ కాగితం లాక్కుని చింపేశాడు.

"కోతలయ్యేదాకా మీరు కదలడానికి వీల్లేదండీ. రేపు ఎరువెవరు వేయిస్తారు? కలుపెవరు తీయిస్తారు?"

అందరూ చప్పట్లు కొట్టారు. చలపతిరావు బరువెక్కిన గుండెతో పదవిలో కొనసాగాడు.

ఆ వానాకాలం కూడా తోట మునిగింది గానీ నీళ్లు నిలిచాయన్న ఫిర్యాదు ఒక్కటీ రాలేదు, మడికి చాలడం లేదన్నవి మాత్రం వచ్చాయి.