బకెట్‌కి జరిగిన మర్యాద

ఆ ఆదివారం పొద్దున సైంటిస్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు గుమ్మంలో అడుగుపెట్టగానే తను తయారుచేసిన డబ్బా "రండి రండి, దయచేయండి!" అనాలి. ఆవిడ మురిసిపోవాలి. వెనకగది తనకు దక్కాలి. అంతే.

సైంటిస్టు అన్నది వీధివాళ్ళు సరదాకి పెట్టిన పేరు. నిజానికి అతను కరెంటాఫీసులో గుమాస్తా. ఇంటికొస్తే మాత్రం వెనకగదిలో వైర్ల మధ్య దూరి, పిలిచినా పలకడు. "మా అమ్మ నెల్లాళ్ళుంటుంది. ఆ చెత్తంతా తీసేసి గదిలో మంచం వేస్తున్నా. పనికొచ్చే వస్తువు ఒక్కటంటే ఒక్కటి అందులోంచి బయటికొస్తే అప్పుడు మాట్లాడండి" అని భార్య తెగేసి చెప్పిన రోజున ఈ డబ్బాకి బీజం పడింది.

డబ్బాకి ముందువైపు రెండు కళ్ళు. ఒకటి మన చెవికి వినపడని శబ్దాన్ని వదులుతుంది. అది ఎదుటివాళ్ళకి తగిలి వెనక్కొస్తే రెండోది పట్టుకుని, ఎంత దూరంలో ఉన్నారో లెక్క కడుతుంది. దూరం తగ్గితే ఎవరో వస్తున్నట్టు, పెరిగితే వెళ్తున్నట్టు. వచ్చేవాళ్ళకి ఒక మాట, వెళ్ళేవాళ్ళకి "మంచిది, ఇక వెళ్ళి రండి!" అని ఇంకో మాట. రెండూ భార్య చేతే చెప్పించి రికార్డు చేశాడు. గుమ్మానికి ఎదురుగా, హాల్లో చిన్న పీట మీద పెట్టాడు. పొద్దున్నే పేపరతను ఆ పిలుపు విని, కాదనలేక లోపలికొచ్చి కూర్చున్నాడు కూడా.

అత్తగారు టాక్సీ దిగింది. రైల్లో చలి చంపేసిందని దళసరి ఉన్ని రగ్గు తల నుంచి మడమల దాకా చుట్టుకుని ఉంది. మెట్లెక్కి గుమ్మం ముందుకొచ్చింది.

డబ్బా కిక్కురుమనలేదు.

సైంటిస్టు నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. "ఒక్కసారి వెనక్కెళ్ళి మళ్ళీ రండి అత్తయ్యగారూ!"

ఆవిడ విస్తుపోయి వెనక్కెళ్ళింది, వచ్చింది. చప్పుడు లేదు. ఇంతలో భార్య తల్లికి అడ్డంగా ఉందని, గుమ్మంలోని తుడుపు బకెట్‌ని లోపలికి లాగింది.

"రండి రండి, దయచేయండి!" అంది డబ్బా.

అత్తగారు కొయ్యబారిపోయింది. "ఏమిటే ఇది? బకెట్‌కున్న పాటి విలువ నాకు లేదా?"

"అయ్యో, మీరు మెత్తగా ఉన్నారండీ! ఎంత అరిచినా మీలోకి ఇంకిపోతుంది గానీ జవాబు రాదు. బకెట్ గట్టిది."

"విన్నావుటే! నేను మొద్దునట! ఆ బకెట్ గట్టి మనిషట!"

"అది కాదండీ, తప్పంతా ఆ రగ్గుదే. అది విప్పేసి ఒక్కసారి రండి, చాలు!"

ఎదురింటి కిటికీలు రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి. భార్య మొహం అరచేతులతో కప్పుకుంది. సైంటిస్టు కంగారుగా డబ్బా ఎత్తి ఊపాడు. లోపల రెండు వైర్లు ఊడాయి. దొరికినచోట దొరికింది గుచ్చి మళ్ళీ పీట మీద పెట్టాడు. ఈలోగా కోపంతో ఒళ్ళు మండిపోయి అత్తగారే రగ్గు విసిరికొట్టి గుమ్మంలోకి దూసుకొచ్చింది.

"మంచిది, ఇక వెళ్ళి రండి!"

ఆవిడ పెదవులు అదిరాయి. "పోతానమ్మా, పోతా!" అని గిర్రున తిరిగి నడిచింది.

"రండి రండి, దయచేయండి!"

ఆగింది. వెనక్కి తిరిగి అనుమానంగా ఒక్కడుగు వేసింది.

"మంచిది, ఇక వెళ్ళి రండి!"

వైర్లు తారుమారయ్యాయని సైంటిస్టుకి అర్థమైంది. వెనకగదిలో మంచం వేసేసినట్టూ, తన వైర్లన్నీ పాతసామాన్లవాడు మూట కట్టుకుపోతున్నట్టూ కళ్ళకు కట్టింది.

అత్తగారు చెయ్యెత్తింది. "ఉండుండు. ఈ గొంతెవరిదే?"

భార్య డబ్బాకేసి చూసింది. "అదీ... రికార్డింగమ్మా..."

"నీదే! పాపం ఆ పిల్లాడు ఇందాకట్నుంచి మళ్ళీ రండి, మళ్ళీ రండి అని నన్ను బతిమాలుతూనే ఉన్నాడు. వెళ్ళమన్నది నువ్వు! కన్నతల్లిని!"

"అమ్మా, నీకోసం వెనకగదిలో మంచం కూడా..."

"వెనకగదిలో పడేద్దామనుకున్నావా? ఆ గది ఆయన పనికి ఉండనీ. నేను నీ గదిలో, నీ పక్కనే పడుకుంటా. నెల్లాళ్ళు కాదు, నీకు మర్యాద తెలిసేదాకా ఉంటా!"

సైంటిస్టు నిర్ఘాంతపోయాడు. గది దక్కింది. కోరినదానికంటే చాలా ఎక్కువగా దక్కింది. భార్య చూసిన చూపుకి ఎదురు చెప్పే ధైర్యం లేక, తన పరుపు గుండెలకి అడ్డంగా పట్టుకుని డబ్బా ముందునుంచే వెనకగదికి బయల్దేరాడు.

పరుపు మెత్తనిది గనక డబ్బా ఏమీ అనలేదు.