కాజా కోసం యాంటెన్నా

కాజా తప్పిపోయింది ఆదివారం పొద్దున. టీకా వేయించి తీసుకొద్దామని వరహాలబాబు మాస్టారు గేటు తీశారు. వీధిలో పెళ్లి బ్యాండు ఒక్కసారిగా మోగింది. గొలుసు మాస్టారి చేతిలో మిగిలింది. కుక్క మిగల్లేదు.

అది ఆయన భార్య సుధ పెంచిన కుక్క. సుధ పోయాక ఆ ఇంట్లో ఆమెది అంటూ కదిలేది అదొక్కటే.

సుధ తమ్ముడు సూరి సాయంత్రానికి వచ్చాడు. నీటి మీటర్లను దూరం నుంచే చదివే పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. కాజా మెడపట్టీకి అగ్గిపెట్టెంత ట్యాగు కట్టింది అతనే. తానున్న చోటు అది రేడియోలో చెబుతుంది. కానీ సైనిక్‌పురిలో వాళ్ల వీధి మలుపు దాటితే వినిపించడం లేదు.

"దాని గొంతు పెంచలేమా?" అని అడిగారు మాస్టారు.

"పెంచితే బ్యాటరీ అయిపోద్ది బావా. అందుకే నిదానంగా మాట్లాడేలా పెట్టాను. నిదానంగా చెప్తే, చిన్న గొంతైనా చాలా దూరం అర్థమవుద్ది."

"చివరి బెంచీ దాకానా?"

"ఊరవతల దాకా! కాకపోతే మన చెవి ఎత్తులో ఉండాలి."

మాస్టారికి చాలా రోజుల తరువాత ఒక విషయం తెలుసుకోవాలనిపించింది. ఎత్తు ఎందుకని అడిగారు. మధ్యలో గోడలు అడ్డం రాకూడదన్నాడు సూరి. ఇద్దరూ డాబా మీద ఇనుప పైపు నిలబెట్టి, కొసన యాంటెన్నా కట్టారు.

మర్నాడు చూస్తే సరిగ్గా యాంటెన్నా ముందు బూడిదగుమ్మడికాయ వేలాడుతోంది. సూరితో పాటు వచ్చిన అతని తల్లి లోవమ్మ పని.

"ఇదేంటే అమ్మా?"

"వీధంతా నోరెళ్లబెట్టి చూత్తన్నారు. దిష్టి తగలదేటి?"

"కాయ నిండా నీళ్లేనే! సిగ్నలంతా అదే తాగేత్తది."

"తాగనీ. దిష్టీ తాగుద్ది."

కాయ దించడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆ కాయను చూశాకే, మాస్టారి డాబా మీద ఏదో పెద్ద కట్టడం లేచిందని పక్కింటి అమ్మిరాజు గారికి అనుమానం వచ్చింది. కాలనీ పెద్దలను వెంటబెట్టుకొచ్చారు.

"మా పడకగదికి ఎదురుగా సెల్ టవరేంటండీ మాస్టారూ? పొద్దుట్నుంచి మా ఆవిడకి ఒకటే తలపోటు!"

"ఇది వినేదే కానీ పంపేది కాదండీ. దానికింకా వైరే తగిలించలేదు," అన్నాడు సూరి.

"వైరు లేకుండానే ఇంత ఉంటే, తగిలిస్తే మనిషి మిగుల్తుందా?"

ఏ ఇంటికీ దగ్గరగా ఉండకూడదని పెద్దలు తేల్చారు. అన్ని ఇళ్లకూ దూరంగా ఉన్నది ఒక్కటే, కాలనీ వాటర్ ట్యాంకు పైభాగం. అమ్మిరాజు గారే నిచ్చెన పట్టుకున్నారు. ఆ చోటు మనంతట మనం అడిగితే నెలరోజులు తిప్పి కాదనేవాళ్లని సూరి బావ చెవిలో అన్నాడు.

ఆ సాయంత్రమే కాజా ట్యాగు పలికింది. లాలాగూడ, రైల్వే క్వార్టర్లు.

తలుపు తీసినావిడ పేరు రోసమ్మ. కాజా ఆమె మంచం కింద పడుకుని ఉంది.

"మీదా సార్ గిది? పాపం, గజగజ వణుక్కుంట వచ్చింది. మీదైతే పిలువుండ్రి, వస్తది."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "కాజా," అన్నారు, తరగతిలో హాజరు పిలిచినట్టు.

కాజా మర్యాదగా తోక ఆడించి మళ్లీ పడుకుంది.

"గట్ల కాదు సార్. ఇంట్ల ఎట్ల పిలుస్తరో గట్ల పిలువుండ్రి."

ఇంట్లో పిలిచింది సుధ. మాస్టారికి ఎప్పుడూ ఆ అవసరం రాలేదు. సూరి అటు తిరిగి గోడ మీది క్యాలెండరు చూడసాగాడు. రోసమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. మాస్టారు చెప్పులు విడిచి గుమ్మంలో నేల మీద కూర్చున్నారు.

ట్యాగు ఊరు దాటి వినిపించింది. గుమ్మానికీ మంచానికీ మధ్య దూరం ఇంకా మిగిలి ఉంది.