ఎర్ర మచ్చ పడ్డ బావ

ఆ సోమవారం హాలియా సంతలో గొర్రెల బేరగాడు ఐలేశం చేతిలో ఉన్నవి ఇవి: పద్నాలుగు గొర్రెలు, ఒక పొట్టేలు, భార్య శోభ, ఒక కొత్త ఫోను. మొదటి పదిహేనింటితో ఏ ఇబ్బందీ లేదు.

శోభ తన పాత ఫోనులోని ఫొటోలన్నీ ఐలేశం కొత్తదాంట్లోకి ఎక్కించిన మర్నాటి నుంచి, పొద్దున లేస్తే చాలు, తెర మీద ‘మీ తీపి జ్ఞాపకాలు’ అంటూ ఆత్మకూరు విజేందర్ ప్రత్యక్షం. శోభకు మేనబావ. ఒకప్పుడు ఆమెను ఇతనికే ఇద్దామనుకున్నారు. నల్ల కళ్లద్దాలు, మెలేసిన మీసం, పక్కనే పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న శోభ. ఐలేశం పక్కన ఆమె అంత నవ్విన ఫొటో ఒక్కటీ లేదు.

చెరిపేద్దామంటే అదే ఫొటోలో చనిపోయిన అత్తగారు కూడా ఉంది. అందుకని సెట్టింగుల్లోకి పోయి ‘ఈ వ్యక్తిని చూపవద్దు’ నొక్కాడు. ఫోను ‘సరే’ అంది. మర్నాడు విజేందర్ వచ్చాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ ‘సరే’. మళ్లీ విజేందర్, ఈసారి పాటతో.

సంతలో మాట తప్పినవాడినైతే గల్లా పట్టుకునేవాడు. దీనికి గల్లా ఎక్కడుంది? పోయాడా లేదా అని గంటకోసారి తెరిచి చూడడమే పనయింది. చివరికి శుక్రవారం, ఫోనులోనే ఆ మొఖం మీద వేలితో ఇంత ఎర్ర రంగు పూసేశాడు.

“ఏమయ్యా, మా బావ మొఖానికి గీ ఎర్ర మచ్చేంది?”

“ఏమో. ఫోనే పెట్టిందేమో.”

“బేరం కుదిరిన గొర్రెకు గదా నువ్వు ఎర్ర మచ్చ పెట్టేది! మా బావను ఎంతకు కొన్నవ్?”

“నాకెందుకే నీ బావ? పొమ్మంటే పోతలేడు! ఫోనుకు నాలుగుసార్లు చెప్పిన.”

“మొబైల్ షాపు యోహానును అడిగిన. సెట్టింగు గిట్టింగు అది పట్టించుకోదంట. ఎవర్ని ఎక్కువసార్లు తెరిచి చూస్తే వాళ్లనే ముందు పెడతదంట. ఫోను నీది, ఏలు నీది. నేనైతే ముట్టలే.”

ఐలేశం ఫోను బోర్లా పెట్టాడు.

“గంత పానం కొట్టుకుంటుంటే నాకు చెప్పొద్దా?” అంది శోభ. “నీ ఫొటో చూడంది మా ఆయన బువ్వ తింటలేడు బావా అని ఫోన్ చేసిన. ఆదివారం వస్తుండు. అందర్నీ తీస్కొని.”

విజేందర్ దిగాడు. కళ్లద్దాలు లేవు, మీసం నెరిసింది, ముందు పొట్ట, వెనక ఐదుగురు. “తమ్మీ, తోడబుట్టినోళ్లు గూడ నన్ను గిట్ల యాది చెయ్యలే” అంటూ ఐలేశాన్ని కౌగిలించుకుని కళ్లు తుడుచుకున్నాడు. మంగళవారం దాకా ఉన్నారు.

చివరి లెక్క: గొర్రెలు పద్నాలుగు. పొట్టేలు లేదు. ఫోనులో విజేందర్ ఫొటోలు కొత్తగా నలభై. విజేందర్ తీసిన నలభై ఒకటోదాంట్లో మాత్రం ఐలేశం, శోభ ఇద్దరే. పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. ఎవరిని చూసి నవ్విందో ఐలేశానికి తెలుసు. అయినా సరే, పక్కన నిలబడి నవ్వింది.

‘రోజూ ఈ ఫొటోనే చూపు’ అని సెట్టింగు పెట్టాడు. ఫోను ‘సరే’ అంది.

మర్నాడు విజేందర్ వచ్చాడు.