చెక్క మీద చిరుతిండి

అత్తాకోడళ్లు ఇరవై ఏళ్లు పోట్లాడుకున్న ఇంట్లో ఒకరు కన్నుమూస్తే మిగిలినవాళ్లు హాయిగా ఉంటారని రాయచెర్లులో అందరూ అనుకున్నారు. కదిరయ్య కూడా అనుకున్నాడు. తీరా తల్లి హొన్నూరమ్మ పోయాక, భార్య భాగీరథమ్మ నోరు మూతపడింది. మాటకూ మూతపడింది, ముద్దకూ మూతపడింది. ఆ ఇంట్లో ఒళ్లు చేస్తున్నది కుక్క ఒక్కటే. పగలంతా ఊరి పొలాల నిండా పరిచిన సోలారు పానెళ్ల నీడలో పడుకోవడం తప్ప ఏ పనీ చేయదు కనుక దానికి కదిరయ్య పెట్టిన పేరు మేనేజరు.

పావగడలో డాక్టరమ్మ కంటి కింది రెప్ప లాగి చూసింది. "రక్తమే లేదమ్మా. ఇట్లే ఉంటే మంచం పడతావు. కొంచెం కొంచెంగా అయినా మాటిమాటికీ తిను" అంది. భాగీరథమ్మ తల ఊపింది. ఇంటికొచ్చి, మాత్రలు మింగిన నీళ్లనే భోజనం అనుకుంది.

తుమకూరు హాస్టల్లో చదువుకుంటున్న కూతురు మోనిక ఫోన్లో ఒక వీడియో పంపింది. ఎవరో పట్నపు ఆవిడ చెక్కపలక మీద పండ్లు, గింజలు రంగురంగులుగా పేర్చింది. "నాయినా, అమ్మకు ఇట్ల పెట్టు. చూస్తానే తినాలనిపిస్తాది. నూనె వద్దు, చక్కెర వద్దు. పక్కన పచ్చగా ఒక ఆకు పెట్టు, అందానికి."

చెక్కకు ఆ ఊళ్లో కొదవ లేదు. పానెళ్లు దిగిన పెట్టెల చెక్కలే కోళ్లగూళ్లు, నీళ్లు పోసుకునే బచ్చలి తలుపులు అయ్యాయి. కదిరయ్య ఒకటి తెచ్చి గీకి, కడిగి, ఎండబెట్టాడు. దాని మీదున్న బాణం గుర్తు ఎంత గీకినా పోలేదు. పోనీలే, ఎవరు తినాలో అదే చూపిస్తుందని, భార్య కూర్చునే వైపుకు తిప్పి పెట్టాడు.

ఆమె నీళ్లకు పోయిన సందు చూసుకొని పనిలో దిగాడు. అలసంద గుగ్గిళ్లు మెత్తగా ఉడికించాడు. జామపండుకు గింజలు తీశాడు. వేయించిన శెనక్కాయలు దంచి పొడి చేశాడు. బొరుగులు పాలలో తడిపాడు. పచ్చ ఆకు సంగతి గుర్తొచ్చి తమలపాకు పెట్టాడు. ఆకు ఒక్కటే బోసిగా ఉందని వక్కపలుకు తోడిచ్చాడు.

భాగీరథమ్మ వచ్చింది. చెక్కను చూసి, బిందె దించి, రెండు చేతులూ జోడించింది.

"దండమెందుకే?"

"పెద్దల అమావాస్య ఇంకా రాలేదు కదప్పా. అత్తకు అప్పుడే ఎడ పెట్టి నైవేద్యం చూపినావా?"

"ఎడ యాడిది? నీకే పెట్టినా!"

"నాకా? నేను బతికే ఉండానే!"

"ఇది ఆరోగ్యమే. మోనిక చెప్పింది."

"శెనక్కాయలు దంచినావు, బొరుగులు నానేసినావు. నాకు నోట్లో పండ్లు లేవా?" చెరుకుగడను కత్తి లేకుండా ఒలిచే మనిషి ఆమె. "వక్కాకు కూడా ఆరోగ్యమేనా?"

"అది అందానికి."

"మీయమ్మ కూడా వక్కాకు దంచుకుంటా అట్లే చెప్తాండె."

కదిరయ్య చెక్కకేసి చూశాడు. అన్నీ పళ్లులేని హొన్నూరమ్మ చప్పరించేవే. ఆయన చేతులు ఎవరికోసం చేశాయో ఆయనకే ఇప్పుడు తెలిసింది.

"సరే, ముందు నువ్వు తిను" అని ఆమె పిడికెడు గుగ్గిళ్లు అతని చేతిలో పోసింది. చెయ్యి అలవాటుగా వీపు వెనక్కి పోయింది. అక్కడ మేనేజరు నోరు తెరుచుకొని సిద్ధంగా ఉంది.

"అదో! అత్త పోయినప్పట్నుంచి చూస్తాండా. నీ ముద్దంతా దానికే. అది బర్రె మాదిరి అయింది, నువ్వు చీపురుపుల్ల మాదిరి అయినావు. నువ్వా నాకు తినిపించేది?"

దొరికిపోయిన దొంగ మాట మార్చాడు. "పోనీ, నీకేమిష్టమో చెప్పు. అదే చేస్తా."

"ఇన్నేండ్లు కాపురం చేసినావు కదా, నువ్వే చెప్పు."

"మిరపకాయ బజ్జీ."

"అది నీకు."

"చిత్రాన్నం?"

"అది మోనికకు."

కదిరయ్య సాయం కోసం మేనేజరు వైపు చూశాడు.

"మీయమ్మకు తెలుసుండె" అంది భాగీరథమ్మ నెమ్మదిగా. "కట్టెలపొయ్యి మీద సంగటి చేస్తే అడుగున మాడు నిలుస్తాది చూడు. అది గీకి, గిన్నె కింద మూసిపెడతాండె నాకు. పెట్టి మళ్లా తిడతాండె, 'కరువులో పుట్టినదానా' అని. ఇప్పుడు గ్యాసు మీద మాడు రాదు. వచ్చినా ఎవరు పెడతారప్పా?"

చెక్కను ఎత్తుకుపోయి అత్త పటం ముందు పెట్టింది. బాణం గుర్తు పటం వైపుకే తిరిగింది.

మర్నాడు కదిరయ్య కట్టెలపొయ్యి ముట్టించాడు. రాగిసంగటి గెలికాడు. మాడు బాగా రావాలని ఇంకాసేపు ఉంచాడు. అది చాలదేమోనని మరికాసేపు ఉంచాడు. పొగ చూసి, పానెళ్లు కాలుతున్నాయేమోనని పక్కవీధి వాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. కుండలో ముద్ద అన్నది మిగల్లేదు, అంతా మాడే. దాన్ని గీకి, గిన్నె కింద మూసి, భార్య ముందు పెట్టాడు.

ఆమె ఒక ముక్క కొరికింది. "ఇది మాడు కాదప్పా, బొగ్గు! పిండంతా పాడు చేసినావు. మీయమ్మ ఉండింటే తెడ్డు తిరగేసిండేది" అంటూ గొంతెత్తి తిట్టింది. తిడుతూనే ఇంకో ముక్క కొరికింది. తిడుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ ఇంట్లో అరుపులు వినబడి చాలా రోజులైంది.

మిగిలిన దాంట్లో సగం విరిచి మొగుడి చేతిలో పెట్టింది. చెయ్యి అలవాటుగా వీపు వెనక్కి పోయింది. మేనేజరు వాసన చూసింది. ముఖం తిప్పుకొని పానెళ్ల నీడకు వెళ్లిపోయింది.

కదిరయ్యకు ఇక తినక తప్పలేదు.