ఏడో తరగతి ఆరో ట్యాబ్

నిజామాబాద్ జిల్లాలో నేరస్థులు ఉలిక్కిపడి లేస్తున్నారంటే అందుకు కారణం ఒక్కరే. లింబాద్రి, అంటే నేను. బడివేళల్లో కోటగిరి దగ్గరి ఒక సర్కారు బడిలో హిందీ పండితుణ్ణి, మిగతా వేళల్లో అపరాధ పరిశోధకుణ్ణి. ఇప్పటిదాకా పట్టుకున్న దొంగలు సున్నా. నాకు భయపడి దొంగతనాలే మానేశారని నా అభిప్రాయం. మా ఆవిడ అభిప్రాయం వేరు.

వసంత పంచమి నాడు మధ్యాహ్నం తెలుగు టీచరు సింధూజ పరుగెత్తుకొచ్చింది.

"సార్, ఆరో ట్యాబ్ కనవడ్తలేదు! ఐదే ఉన్నయ్!"

గంభీరంగా ఒక కనుబొమ్మ ఎత్తాను. రెండోది కూడా లేచింది. ఒక్కటే ఎత్తడం నాకింకా పట్టుబడలేదు.

విషయం చిన్నది కాదు. ఏడో తరగతి పిల్లలు పాఠం పైకి చదివి ట్యాబుల్లో రికార్డు చేస్తారు. ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కోస్తా రైతుల ఊరు, క్యాంపు నుంచి వచ్చే ఉదయలక్ష్మి తరగతిలో నోరు విప్పగా ఎవరూ వినలేదు. అలాంటి పిల్ల మొన్న ఒక మూల కూర్చుని ఆరో ట్యాబ్‌కి పాఠమంతా చదివి వినిపించింది. ఈ పిల్లకు చదువు రాదని తేల్చేసి, హాస్టల్లో వేయడానికి నానమ్మ పున్నమ్మ గారు ఇవాళ మూడింటికి వస్తున్నారు. హాస్టల్ మాట వింటేనే ఆ పిల్ల కళ్లలో నీళ్లు. ఆపగలిగింది ఆ రికార్డు ఒక్కటే.

"పరేషాన్ గాకు టీచర్. ఇది అంతర్రాష్ట్ర ముఠా పని. మహారాష్ట్ర బార్డర్ ఎంత దూరమని?"

"ఒక్క ట్యాబ్ కోసం ముఠానా సార్?"

"గదే వాళ్ల తెలివి!"

సైన్సు ల్యాబులోంచి భూతద్దం తెచ్చాను. వరండాలో పసుపు మరకలు! వాటి వెంట వంగి నడిస్తే ఏడో తరగతి గదిలో, మధ్యాహ్న భోజనం వండే రేణుకమ్మ దగ్గర తేలాను. ఆమె చేతుల నిండా పసుపే.

"రేణుకమ్మా, పొద్దుగాల పదకొండింటికి యాడున్నవ్?"

"ఈడనే సారూ, సరస్వతి పూజకాడ. గా ట్యాబు..."

"అడిగిందానికే జవాబు! చేతులకు పసుపేంది?"

"పూజ జేసిన గద సారూ. నేనే దాన్ని..."

"మళ్లా! నేను అడిగినంకనే నువ్వు మాట్లాడాలె."

ఆమె నోరు మూసుకుంది. నా విచారణకు లొంగిపోయిందని మురిసిపోయాను.

ఇంతలో సింధూజతో పాటు పున్నమ్మ గారు రానే వచ్చారు. మనవరాలు ఆమె కొంగు వెనక నక్కింది.

"పిల్ల నోరు తెరవదు మాస్టారూ. ఎన్నాళ్లని చూస్తాం? టీసీ ఇప్పించండి."

"చదువుతదమ్మా! రికార్డు ఉండె..." సింధూజ నావైపు చూసింది.

"ఉంటే వినిపించండి మరి."

నాకు నిజంగానే సిగ్గేసింది. అయినా డిటెక్టివ్‌ని కదా! "దొంగ ఈ గదిలనే ఉన్నడు!" అని వేలెత్తి, ఠీవిగా రెండడుగులు వెనక్కి వేశాను. వెనక సరస్వతి పటం పెట్టిన బల్ల ఉంది. బల్లగుడ్డ కాలికి చుట్టుకుంది. నేను, అరటిపళ్లు, పిల్లలు పూజకు పెట్టిన పుస్తకాలు అన్నీ కలిసి కింద పడ్డాం. పుస్తకాల అడుగునుంచి, నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టుతో ఆరో ట్యాబ్ జారి వచ్చింది. నా మోచేయి ఎక్కడ తగిలిందో, అందులోంచి ఒక సన్నటి గొంతు పాఠం చదవసాగింది.

"గిదే జెప్పబోతున్న సారూ!" రేణుకమ్మ నెత్తి కొట్టుకుంది. "గిది గూడ సదువుకునేదే గదా అని పుస్తకాలతోని పూజల వెట్టిన. పూజల వెట్టినంక రేపటిదాక తీయద్దాయె!"

పున్నమ్మ గారు చెవి ఒగ్గి విన్నారు.

"ఇది మా ఉదయ గొంతేనా? మిషను గొంతు కాదు గదా?"

నేను నేలమీద పడుకునే, "కేసు ఛేదించిన!" అని ప్రకటించాను.

"సార్! కాలు!"

కొంగు వెనకనుంచి ఉదయలక్ష్మి ముందుకు దూకింది. అచ్చం ట్యాబులో గొంతే, కాకపోతే దానికి పదింతలు.

"కాలు తియ్యండి సార్! పుస్తకం తొక్కుతున్నారు! మోకాలి కింద ఇంకోటుంది, అది నాది! అయ్యో, కదలకండి, అరటిపండు!"

కాలు తీసి, పుస్తకాలు కళ్లకద్దుకున్నాను. పున్నమ్మ గారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

"టీసీ వద్దులే టీచరమ్మా. ఈ మాస్టారిని కనిపెట్టి ఉండటానికైనా మా పిల్ల ఇక్కడే ఉండాలి."