డబ్బాడు మట్టి, ఊరంత కోపం

ఆ మంగళవారం పొద్దున పురుగుల మేడమ్ అనుకున్న పని చాలా చిన్నది. బాల్కనీలోని బిస్కట్ల డబ్బా తీయాలి, అందులోని మట్టిని చల్లటి నీళ్లలో నానబెట్టాలి, చీకటి అలమరలో దాచాలి. సోమవారంలోగా ఆ మట్టిలోంచి ప్రాణమున్న పురుగు ఒక్కటైనా రాకపోతే ఆవిడ పరిశోధన గదిలో విరిగిన కుర్చీలు వేయిస్తానని పరిశోధన సంస్థ డైరెక్టరు చెప్పేశాడు.

అవి డయాప్టమిడే కుటుంబానికి చెందిన నీటి పురుగులు. నువ్వుగింజలో సగం ఉంటాయి. చెరువు ఎండిపోయేలోగా గట్టి పెంకున్న గుడ్లు మట్టిలో వదిలి చచ్చిపోతాయి. ఆ గుడ్లు నీళ్ల కోసం ఏళ్ల తరబడి కాచుకుంటాయి. ఈ మట్టి తాలూకు చెరువును పూడ్చి కార్ల షోరూమ్ కట్టేశారు. ఇక ఆ జాతికి మిగిలింది ఈ డబ్బా ఒక్కటే. మట్టిని నానబెట్టి చీకట్లో, చల్లగా, కదల్చకుండా ఉంచమని డైరెక్టరు తన పుస్తకంలో రాశాడు. మేడమ్ మూడేళ్లుగా కొంత కొంత మట్టిని అలాగే ఉంచింది. ఒక్క గుడ్డులోంచీ పిల్ల రాలేదు. ఆఫీసులో ఎవరైనా పారేస్తారన్న భయంతో మిగిలిన మట్టిని ఇంటికి తెచ్చుకుంది.

డబ్బా దొరికింది. తళతళా మెరుస్తూ బోర్లించి ఉంది.

"అత్తయ్యా! ఇందులో మట్టేది?"

"ఆ ఎండు మట్టా? కింద ఇన్‌స్పెక్టరుగారు గులాబీలకి కావాలంటే ఇచ్చేశాను. డబ్బా కడిగేశాలే, కంగారుపడకు."

మేడమ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను!"

పేపరు చదువుతున్న భర్త తలెత్తి, "మట్టే కదా, ఇంకోటి తెచ్చుకుందాం," అన్నాడు. ఆవిడ చూసిన చూపుకి మళ్లీ పేపర్లో దూరిపోయాడు.

ఆవిడ మెట్లు రెండేసి దిగుతూ కిందికి పరుగెత్తింది. రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు అప్పటికే పన్నెండు కుండీలకీ మట్టి పంచేసి, నీళ్ల చెంబు ఎత్తాడు.

"పోయకండి! అందులో గుడ్లున్నాయి! తడిస్తే వందలకొద్దీ పిల్లలొస్తాయి!"

పై వరండాలో బట్టలారేస్తున్న టీచరమ్మ ఆ మాట విని, "అమ్మో, పాము గుడ్లట!" అని కేకేసింది.

"పాములు కావండీ! ఒంటికన్ను పురుగులు!"

దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. అయిదు నిమిషాల్లో గులాబీలతో సహా పన్నెండు కుండీలూ వాకిట్లోని ఎండు ఫౌంటెను తొట్టిలో బోర్లాపడ్డాయి. వాచ్‌మన్ పైపు తెచ్చి, "ముంచి చంపేద్దాం సార్," అంటూ నీళ్లు వదిలాడు. ఇన్‌స్పెక్టరు పట్టరాని కోపంతో పార తీసుకుని ఎడాపెడా కలిపాడు.

మేడమ్ తొట్టిలోకి దూకి పైపు లాక్కుంది. "మీకు బుద్ధుందా? చెరువు పూడ్చింది చాలక ఇదీ ముంచేస్తారా? మూడేళ్లు... మూడేళ్లు కాపాడాను!" అది కోపమో ఏడుపో ఆవిడకే తెలియలేదు. ఆ తరువాత ఆ తొట్టి దగ్గరికి వెళ్లే ధైర్యం ఎవరూ చేయలేదు. ఆవిడ కూడా ఆశ వదులుకుని పరిశోధన గదిలోని సీసాలు అట్టపెట్టెల్లో సర్దుకుంది.

ఆదివారం వాచ్‌మన్ బెదురుతూ తలుపు తట్టాడు. "మేడమ్, తొట్టి నీళ్లలో తెల్లటి నలుసులు గెంతుతున్నాయి. మీవే అయుంటాయి, తీసుకెళ్లిపోండి."

మైక్రోస్కోపు కింద చూస్తే నలుసుకొక ఎర్ర కన్ను, ఆరేసి కాళ్లు. అడుగున పూడుకుపోయిన గుడ్లకి కావలసింది వెలుతురూ, గాలీ. పార దెబ్బకి అవి రెండూ అందాయి.

సోమవారం డైరెక్టరు తొట్టి మీద వంగి చాలాసేపు చూశాడు. "ఏ కుటుంబమో పెద్దవైతేగానీ చెప్పలేం," అని గొణిగాడు.

"అయితే అవి పెద్దయ్యేదాకా గది నాదే," అంది మేడమ్.

పెద్దయ్యాయి, డయాప్టమిడే కుటుంబమేనని తేలింది, పరిశోధన వ్యాసమూ అచ్చయింది. అందులో మేడమ్ రాసిన 'మట్టిని పట్టరాని కోపంతో కలపవలెను' అన్న వాక్యాన్ని మాత్రం డైరెక్టరు కొట్టేశాడు.