మామగారి పన్ను, అల్లుడి గుడ్లు

మధ్యాహ్నం అత్తమామల పెళ్లిరోజు విందు, అల్లుడి ఇంట్లో. రెండు డజన్ల గుడ్లు ఉడికించి, నిలువునా కోసి, పచ్చసొన తీసి, మసాలాతో మెదిపి మళ్లీ ఆ గుంతల్లోకే కూరాలని పళ్ల డాక్టరైన ఆ అల్లుడు పొద్దున్నే నిర్ణయించుకున్నాడు. "గుంతలు పూడ్చడం నాకు రోజూ ఉండే పనే కదా," అంటూ భార్య చేతిలోంచి గిన్నె లాక్కున్నాడు.

అసలు సంగతి వేరు. నెల రోజులుగా మామగారికి దవడపన్ను సలుపుతోంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఆయన బుగ్గ పట్టుకుని తిరుగుతాడు తప్ప అల్లుడి కుర్చీలో కూర్చోడు. పిల్లనిచ్చిన మామే నమ్మని డాక్టరును ఊరెందుకు నమ్ముతుంది? ఈ విందుతోనైనా తన చేతిమీద ఆయనకు గురి కుదరాలని డాక్టరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

పెంకులు పాచి గీకినంత ఓపికగా తీశాడు. కూరడానికి క్లినిక్కునుంచి కొత్త సిరంజీ తెచ్చాడు. తీరా రుచి చూస్తే చప్పగా ఉంది.

"కాస్త లవంగం వెయ్యండి, ఘుమఘుమలాడుతుంది," అంది భార్య పక్కగదిలో తల దువ్వుకుంటూ.

డబ్బాలో లవంగాలు నిండుకున్నాయి. డాక్టరు సంచిలో మాత్రం పంటినొప్పికి వాడే లవంగనూనె ఉంది. రెండు చుక్కలు చాలనుకుని సీసా వంచాడు. మూత ఊడి, ఉన్నదంతా గిన్నెలో పడింది. పారబోద్దామంటే చుట్టాలు గుమ్మంలోకి వచ్చేశారు. చేసేదిలేక గబగబా కలిపి కూరేశాడు.

మొదటి గుడ్డు బావమరిది తిన్నాడు. రెండోదానికి చెయ్యి చాపి ఆగిపోయాడు.

"బావా, నా నాలిక ఉందా?" మాట ముద్దముద్దగా వచ్చింది.

"వీడికి పక్షవాతంరా నాయనా," అంటూ అతని మేనత్త ఫోను అందుకుంది. కాదని బావమరిది చెప్పేకొద్దీ మాట ఇంకా ముద్దయింది, ఆవిడకు నమ్మకం ఇంకా బలపడింది. అతన్ని ఓదార్చడానికి కూర్చున్నవాళ్లు కంగారులో తలా రెండు గుడ్లు లాగించారు. కాసేపటికి వాళ్ల నాలుకలూ మొద్దుబారాయి.

"ఇదేదో అంటురోగమే," అంది మేనత్త. పక్కింటివాళ్లు కిటికీలు మూసేసుకున్నారు. అంబులెన్సు వచ్చి ఆగింది. రోగి ఎవరని అడిగితే ప్రతివాడూ పక్కవాణ్ణి చూపించాడు.

డాక్టరు ఇరకాటంలో పడ్డాడు. నిజం చెబితే మామగారు జన్మలో తన క్లినిక్కు గడప తొక్కడు. చెప్పకపోతే బావమరిదికి సూదులు గుచ్చుతారు.

"రోగం కాదండీ, లవంగనూనె. పొరపాటున నేనే పోశాను," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

తిడదామంటే సగంమందికి మాట రావడం లేదు. మామగారు మూలనుంచి లేచి వచ్చాడు. పళ్లెం ఖాళీ. బుగ్గమీద చెయ్యి లేదు.

"నెల తర్వాత ఇవాళే నమిలాను అల్లుడూ," అన్నాడు కూడబలుక్కుంటూ. "నీ చేతిలో ఏదో ఉంది. రేపు క్లినిక్కుకొస్తా."

మర్నాడు డాక్టరు పేషెంట్లను బయట కూర్చోబెట్టి, తుడిచిన కుర్చీనే మళ్లీ తుడుస్తూ గుమ్మంకేసి చూశాడు. మామగారు అన్నమాట ప్రకారం వచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలాడు కూడా. డాక్టరుకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. లైటు వేసి వంగేసరికి, ఆయన ఒళ్లోని క్యారేజీ మూత తెరిచాడు.

"పన్ను జోలికి పోకు. ఆ గుడ్లు వారానికి సరిపడా చేసిపెట్టు."

ఆ రోజు క్లినిక్కులో పనిముట్లు ఉడికించే గిన్నెలో గుడ్లు ఉడికాయి.